దొడ్డి గుమ్మం

కెమెరా కొత్తపేటలో అద్దెకు తెచ్చింది.
నిన్నటిదాకా నరసరావుపేటలో తలంబ్రాలు తీసింది.
లెన్సు అంచున ఇంకా ఒక పసుపు బియ్యపుగింజ.
మస్తాన్‌వలీ గోటితో తీసి
పారెయ్యకుండా జేబులో వేసుకున్నాడు.

దేవకరుణమ్మగారికి తొంభై ఒకటి.
తండ్రి మిషనాసుపత్రిలో కాంపౌండరు.
బ్రాడీపేటలో ఆ ఇల్లు ఇప్పుడు పైన హాస్టలు, కింద జిరాక్సు.
వెనకగోడ మాత్రం అప్పటిదే,
సున్నం పెచ్చు కింద సున్నం.
మిర్చియార్డు వైపు నుంచి గాలి తిరిగితే
అందరం తుమ్ముతాం, టేకు పోతుంది.

"కళ్ళ డాక్టరమ్మా. పొలాచెక్ అని పేరు.
మాకు నోరు తిరక్క పోలయ్యగారనేవాళ్ళం, పలికేవాడు.
యూదులు. వియన్నా అంట ఊరు.
మా నాన్న విజయనగరం పక్కనేమో అనుకున్నాడు."

ప్రతి సోమవారం పోలీస్ స్టేషన్లో సంతకం.
చేతిలో ఉన్నవి జర్మను కాగితాలు, కాబట్టి శత్రువు.
ఎవరికి భయపడి సముద్రాలు దాటారో
వాళ్ళ మనుషులేనని ఇక్కడి రిజిస్టరు రాసుకుంది.
కాంపౌండరు కూడా వెళ్ళి
బల్ల మీద పక్కన కూచునేవాడట, ఊరికే.

ఇల్లు చూపించిన రోజు డాక్టరు
నీళ్ళెక్కడివి అనలేదు, అద్దెంత అనలేదు.
"రెండో గుమ్మం ఏదీ?" అన్నాడు.
లేదు.
మేస్త్రీ వచ్చి వెనకగోడ కొట్టేదాకా
వాకిట్లో కుర్చీ వేసుకుని మేలుకునే ఉన్నాడు,
పదకొండు రాత్రుళ్ళు.

దొడ్డిదారి అంటే నాకు తెలిసింది
సీటు, ఉద్యోగం, కాంట్రాక్టు.
ఆ మాటకి ఇంకో అర్థం ఉందని
నలభై మూడేళ్ళొచ్చాక
చెవులకి హెడ్‌ఫోను పెట్టుకుని విన్నాను.

"ఆ గుమ్మంలోంచి ఎప్పుడన్నా వెళ్ళారా అమ్మా వాళ్ళు?"
"ఎవరెళ్తారు? పిల్లి. మా మేక ఒకసారి.
విశాఖలో బాంబులు పడ్డప్పుడు
ఊరు ఊరంతా బళ్ళు కట్టుకుని పల్లెలకి పోయిందా,
వాళ్ళు కదల్లా.
ఇంకా ఎక్కడికి కరుణా, అంది ఆయమ్మ.
కానీ గడియకి ఆముదం పెట్టించేది నాతో, వారం వారం.
చప్పుడు రాకూడదని."

తర్వాత, నేను అడక్కుండానే:
"పిల్లలెంతమంది అంటే ఆయమ్మ
మూడు వేళ్ళు చూపేది.
ఆనక ఒకటి మడిచేది.
పెద్దదానికి జ్వరమొచ్చి
అమ్మమ్మ దగ్గర ఉండిపోయిందంట అక్కడే.
ఆ వేలు మడవడానికి ఆయమ్మకి..."

సరిగ్గా అప్పుడే నాలుగో లైనులో
కాలేజీ బస్సు హారను.

"ఇంకొక్కసారి చెప్పండమ్మా."
ఆమె కొంగు సర్దుకుంది. లెన్సులోకి చూసింది.
"పిల్లలు ఇద్దరమ్మా. బంగారు తల్లులు."
అంతే.
మూడోసారి అడగబోతే
మస్తాన్ నా మోచెయ్యి పట్టుకున్నాడు.

అరండల్‌పేటలో మెట్ల కింద ఎడిటింగు గది.
చిన్న ఫ్యాను, రెండు టేకులు.
ఒకదాంట్లో శుభ్రమైన శబ్దం, ఇద్దరు పిల్లలు.
ఒకదాంట్లో హారను కింద నలిగిపోయిన ముగ్గురు.
డబ్బిచ్చే సంస్థవాళ్ళు ఒక అంకె అడిగారు,
పోస్టరు మీదకి: ఎంతమంది బతికారు?
నాలుగు అని కొట్టాను.
అది తప్పేం కాదు.
తీసేసి, మళ్ళీ నాలుగే కొట్టి,
ఫ్యాను కట్టేసి కాసేపు కూచున్నాను.

హారనున్నదే ఉంచాను.
సౌండు బాగోలేదని ఎవరన్నా అంటే అననీ.

చివరి షాటు ఆ గుమ్మమే.
జిరాక్సు కుర్రాడు దానికి అడ్డంగా
పేపరు కట్టలు పేర్చుకున్నాడు.
మస్తాన్, నేనూ జరిపి,
తుప్పు గడియని సుత్తితో తట్టి లాగితే
కిర్రుమంది,
వీధి చివరిదాకా వినిపించేలా.

కుర్చీలో దేవకరుణమ్మ ఉలిక్కిపడింది.
అటూ ఇటూ చూసి
గొంతు బాగా తగ్గించి అడిగింది:
"ఆముదం ఉందా, ఎవరి దగ్గరన్నా?"