వేలెడు నలుపు

మసి పూసి మారేడుకాయ చేసేవాళ్ళను చూసే ఉంటారు.
మసి తీసి దేవదూతను చేసే మనిషి పేరు బోగ్నా.
క్రాకువ్‌లో, ట్రాము మలుపు తిరిగే చోట,
చిన్న చర్చి వాకిలి మీద,
పరంజా నాలుగో అంతస్తులో
మోకాళ్ళ కింద పాత దిండు వేసుకుని కూర్చుంటుంది.

కళ్ళకు ఆకుపచ్చ అద్దాలు.
చేతిలో పెన్ను లాంటిది. రాయదు.
ముందు ఎర్ర చుక్క ఒకటి వాలుతుంది,
దెబ్బ ఎక్కడ పడబోతోందో చెప్పే మర్యాద.
తర్వాత కంటికి ఆనని వెలుగు.
చిట్. చిట్ చిట్.
కాగిన నూనెలో ఆవాలు.
ఒక్కో చిటపటకూ ఒక్కో చలికాలం
పొగై లేచి గొట్టంలోకి పోతుంది.

నలుపు వెలుగును మింగుతుంది, మింగి పగిలిపోతుంది.
సున్నపురాయి దాన్ని తిప్పి కొడుతుంది.
అందుకే రాయి బయటపడగానే
చప్పుడు దానంతటదే తగ్గుతుంది.
"ఎక్కడ ఆపాలో తెలిసిన పనిముట్టు,
మా ఇగ్నాత్సీకి కూడా నేర్పితే బాగుండు" అంటుంది.
పక్కనే నీళ్ళ తుంపర కొడుతున్న ఇగ్నాత్సీ
వినబడనట్టు నటిస్తాడు.

గంటకు అరచేయంత.
సోమవారం చెవి. మంగళవారం సగం చెంప.
బుధవారం వాన, పని లేదు,
టార్పాలిన్ కింద బీట్‌రూట్ చారు.
గురువారం పెదవి దగ్గర
పొర కింద నువ్వుగింజంత ఎరుపు.

చేయి వెనక్కి లాక్కుంది, కాలే గిన్నె తగిలినట్టు.
ఇంగిలీకం. ఉలి పట్టిన నాటిది.
ఇదే వెలుగు దాని మీద పడితే
ఎరుపు నల్లబడుతుంది, మళ్ళీ తిరిగి రాదు.
మసిని పోగొట్టేదే మసి చేస్తుంది.
మీట కట్టేసింది.
భూతద్దం, చిన్న కత్తి, బిగబట్టిన ఊపిరి.
పెదవికి మూడు వారాలు పట్టింది.
పై అధికారి రెండుసార్లు ఫోన్ చేశాడు.

ఆ మూడో వారంలోనే సాలొమేయా వచ్చింది.
డెబ్భై తొమ్మిదేళ్ళు. ఊరి తూర్పున ఉక్కు ఫ్యాక్టరీలో
కోక్ బట్టీల దగ్గర ఇరవై ఆరేళ్ళు పనిచేసిన మనిషి.
కింద నిలబడి, తల ఎత్తి,
సగం తెల్లబడ్డ ముఖాన్ని చాలాసేపు చూసింది.
"బావుంది" అంది.
"మా పొగ ఏం చేశారు?"

ఇగ్నాత్సీ ఫిల్టరు సంచి దించి చూపించాడు.
కిలో నాలుగొందల గ్రాములు. చీటీ మీద 'వ్యర్థం' అని ఉంది.
ఆమె దాన్ని చేత్తో ఎత్తి బరువు చూసింది.
"తక్కువే" అంది.
"మిగతాది మా దగ్గరుంది" అని రొమ్ము తట్టుకుని
దగ్గిందో నవ్విందో, ఏది ముందో తెలియలేదు.
ఆ పొగతోనే కూతురికి వయొలిన్ కొన్నానంది.
ఉతికి ఆరేసిన దుప్పటి సాయంత్రానికి బూడిద రంగంది.
బట్టీ మూసేయమని సంతకం పెట్టిందీ తనేనంది,
మూసేశాక ఏడ్చిందీ తనేనంది.

బోగ్నా ఏమీ అనలేదు.
వాళ్ళ వృత్తిలో ఒక పద్ధతి ఉంది:
అంతా శుభ్రం చేసినా ఒక చిన్న గడి వదిలేస్తారు,
ముందెలా ఉండేదో తర్వాతివాళ్ళకు తెలియాలని.
దాన్ని 'సాక్షి' అంటారు.
మామూలుగా అది ఎవరికీ కనబడని మూల, రెక్క వెనకాల.
ఆ రాత్రి ఆమె ప్లానులో ఒక గీత చెరిపి
ఇంకోచోట గీసింది.

వసంతంలో పరంజా విప్పారు.
బ్యాండు మేళం, ఉపన్యాసాలు, ఫోటోలు.
దేవదూత మీగడ రంగు ముఖంతో, ఎర్రని కింది పెదవితో
ఏదో చెప్పబోయి ఆగినట్టు.
చాచిన కుడి అరచేతిలో మాత్రం,
వాకిలి దాటే ప్రతివాళ్ళకూ కనబడేలా,
వేలెడు నలుపు.

మరక మిగిలిపోయిందని పత్రికకు ఎవరో ఉత్తరం రాశారు.
సాలొమేయా వారానికోసారి ట్రాము దిగి
దాన్ని చూసి పోతుంది.
లోపలికి మాత్రం వెళ్ళదు.
మెట్లెక్కితే ఆయాసమట.