పాత నొటేషన్ల బీరువా

జ్ఞానాపురంలో, రైలుకట్ట పక్కింట్లో
బోనిఫాసు మేస్త్రి బీరువాకి తాళం లేదు.
లేని దేశాల పాటల్ని ఎవడెత్తుకుపోతాడ్రా, అంటాడు.

ముప్పైరెండేళ్లు నేవీ బ్యాండులో క్లారినెట్.
జెట్టీకి ఏ జెండా వస్తే ఆ గీతం.
భాష అక్కర్లేదు, ఊపిరి చాలు.
డాల్ఫిన్స్ నోస్ చాటునుంచి ఓడ కనబడగానే
పెదవి తడుపుకోవడం, అంతే.

ఓ డిసెంబర్లో
ఓడ ఇంకా నడిసముద్రంలో ఉండగానే
దాని దేశం పోయింది.
రేవు చేరేసరికి కొయ్యకి కొత్త జెండా,
డెక్కు మీదే కుట్టినట్టున్నారు, అంచు వంకర.

ఏది వాయించమంటారు సార్?
ఆఫీసరు ఢిల్లీకి ఫోన్ చేశాడు.
అక్కడ మోగుతూనే ఉంది.
ఇక్కడ తాడు విసిరేశారు.
పాతది ఊదితే
చచ్చినవాణ్ణి పేరుపెట్టి పిలిచినట్టు.
కొత్తది మా బీరువాలో లేదు.

మేస్త్రి డ్రమ్ము వైపు కళ్లెగరేశాడు.
పదహారు దెబ్బలు.
రాగం లేదు.
నావికుల చేతులు సెల్యూట్‌కి లేచి
భుజాల దగ్గరే ఆగిపోయాయి.

సాయంత్రం పూర్ణా మార్కెట్లో
ఆ ఓడ వంటవాడు జామకాయలు బేరమాడుతూ
మేస్త్రిని పోల్చుకున్నాడు.
సైగలతో అడిగాడు.
క్లారినెట్ లేదు. మేస్త్రి ఈలేశాడు,
పాతదే, మొదటి నాలుగు బార్లు.
ఏడుస్తాడనుకున్నాను.
ఉప్పూకారం అంటిన వేలు ఊపుతూ
కాదు కాదన్నాడు:
మూడో స్వరం కాస్త కిందికి.

ఇన్నేళ్లూ తప్పే వాయించామన్నమాట.
ఒక్క అడ్మిరలూ అనలేదు.

తర్వాతెప్పుడో
ఆ దేశం పాత బాణీనే మళ్లీ తెచ్చుకుందని,
మాటలు మాత్రం మార్చారని పేపర్లో చదివి
మేస్త్రి ఓ రోజంతా నవ్వాడు.
ఇల్లు అమ్మేసి
అద్దెకి అందులోనే దిగినట్టు, అన్నాడు.

మన రాష్ట్రం రెండైన జూన్‌లో
మనవరాలు బడినుంచొచ్చి అడిగింది:
తాతా, ప్రేయర్లో పాడేది
ఇప్పుడు మొత్తం మనదేనా, సగమేనా?
నవ్వలేదు.
రీడు విప్పి, తుడిచి, మళ్లీ బిగించాడు.

నిన్న బీరువా నాకిచ్చేశాడు.
ఆయన పక్కన పన్నెండేళ్లు ట్రంపెట్ ఊదినవాణ్ణి.
చెదలు తినగా మిగిలినవి ఇరవై చిల్లర.
వాటిలో అదీ ఉంది.
మూడో స్వరం పక్కన
పెన్సిల్ గీత, కిందికి.

దిద్దుబాటు పంపుదామని కవరు తెచ్చాను.
చిరునామా దగ్గర పెన్ను నిలబడిపోయింది.
కట్ట మీద బొగ్గు వ్యాగన్లు పోతున్నాయి.
నలభై ఏడు, నలభై ఎనిమిది...
కవరు అప్పుడే నల్లబడుతోంది.