మూడు మిల్లీల చెక్క

పాలకొల్లు డిపోలో మస్తాను
రేకును వేలికణుపుతో కొట్టి
"వాటర్‌ప్రూఫండి, గోదాట్లో పడేసినా చెక్కుచెదరదు" అన్నాడు.

అదే వద్దన్నాను.
నీళ్ళకి లొంగని ఆ నల్లజిగురు
నా లేజర్‌కీ లొంగదు.
సగమే తెగి, అంచంతా బొగ్గై,
కళ్ళల్లోకి పొగ.

ఎండీఎఫ్ బుద్ధిగానే తెగుతుంది.
నరసాపురం ముసురుకి
నానిన అటుకులా ఉబ్బుతుంది.

చివరికి అట్టడుగున ఓ తెల్లచెక్క.
అంచు తిప్పి చూశాను:
పొరల మధ్య సందు లేదు,
వాసన చూస్తే పచ్చిగా లేదు.
బస్సు టాపు మీద తెచ్చుకున్నాను.

సువార్తమ్మ లేసు పువ్వు
పదకొండు నిమిషాల్లో చెక్కలోకి దిగింది.
ఆవిడ కన్నాలన్నీ వేలితో తడిమి
"ఏడో వరసలో కుట్టు తప్పిందిరా" అంది.

తప్పింది ఆవిడ దారంలోనే.
నాకు ముందే తెలుసు,
దిద్దబుద్ధి కాలేదు.