మూడో నంబరు

బేగంబజార్ల ద్వారకాదాస్ సేఠ్ దుకాణానికి
కిట్టయ్య బట్టలు కుడ్త నేను.
సున్న నుంచి పన్నెండు దాక నంబర్లు.
మూడో నంబరంటే నా అరచెయ్యంత.
డజనుకు తొంభై రూపాయలు.
జరీ అంచు సేఠ్‌ది, దారం నాది, కండ్లు నావి.

ఇరవై రెండేండ్లాయె.
ఒక్కపారి గూడ తొడిగి చూడలే.
ఎండలకు మల్‌మల్, శ్రావణంల ఆకుపచ్చ,
చలికి ఊలు టోపీ అల్లుతుంటె
నా చెవులే చల్లబడ్తయి.
డబ్బాల మీద ఊర్ల పేర్లు రాస్తరు:
నాందేడ్, గుల్బర్గా, రాయచూరు.
బట్టలకు దారి తెలుసు. నాకు తెల్వది.

ధూల్‌పేటల మా గదిల దేవుని గూడు ఖాళీ.
"ఇంత కుడ్తవు చంద్రకళా,
ఒక్కణ్ని తెచ్చుకోరాదు?" అంటది పక్కింటి గంగుబాయి.
మొదట్ల పైసల్లేక తేలే.
తర్వాత సంగతి చెప్పరాదు.

ఉల్టా కుట్టిన జుబ్బాను సీదా తిప్పాలంటే
రెండు వేళ్లు లోపటికి పోవాలె,
ఆయన ఛాతీ ఉండే చోటికి.
ఎవ్వరు లేరని వేళ్లకు ఎరుకనే.
అయినా జర ఆగుతయి.
గా జర కోసమే ఇంకో జుబ్బా కుడ్త,
దాని తర్వాత ఇంకోటి.

మొన్న అష్టమి ముంగట సేఠ్
కాయితంల చుట్టి ఇచ్చిండు, బోనస్ అని.
ఇత్తడి. మూడో నంబరు.
ఇంటికి తెచ్చి తొడిగిన.
భుజం, నడుము, అంచు,
ఏడ ఒక్క నూలు తేడా లేదు.
గూట్లె కూసుండి నవ్విండు.
మొక్కిన. ఏడ్సిన.
మిషను ముంగట కూసుంటె చెయ్యాడలే.
జుబ్బా తిప్పబోతె
వేళ్లు ఎటు పోవాల్నో మర్సిపోయినయి.
తెల్లారెదాక ఆయన నన్ను చూసిండు,
నేను గోడను చూసిన.

పొద్దుగాల వాపస్ ఇచ్చిన.
"క్యా హువా, నచ్చలేదా?"
"ఇంట్ల జాగ లేదు సేఠ్."
అబద్ధం గాదు. ఉన్నది ఒక్క జాగ,
రెండు వేళ్లంత.
అది ఆయనకిస్తే ఆయన కోసం చూసెటందుకు
నాకేం మిగుల్తది?

పురానాపూల్ మీదికెల్లి నడుస్తుంటె
మూసీ వాసన, మిర్చి బండ్ల పొగ.
కడుపుల మల్ల గదే నొప్పి,
తప్పిపోయిన మేక ఇల్లు చేరినట్టు.

రాత్రి లెక్క రాసిన.
డజన్ల ఒకటి తక్కువొచ్చింది.
తొడుక్కొనే పోయిండు,
దొంగ.