మూల నుంచి తొమ్మిది మీటర్లు

టేపు సున్నా ఎక్కడ పెట్టాలన్నదే
అసలు తగాదా.
మా కాగితాల్లో మూలంటే మూల కాదు.
అంచురాయి వంపు తిరగడం మానేసి
తిన్నగా సాగడం మొదలెట్టే చోటు.
అక్కడ మోకాలు ఆన్చి కూచుంటాను.
మార్చి చలికి టేపు బిర్రబిగుసుకుపోతుంది.

తొమ్మిది మీటర్లు ఉండాలి.
కారు దారి కోసం కోస్కెలా గారు
పాతుకున్న గూటానికి ఆరూ ఇరవై.

"మళ్లీ కొలు" అన్నాడాయన,
ఫిన్నిష్ యాసలో, టోపీ తీయకుండానే.
మళ్లీ కొలిచాను.
సుపీరియర్ సరస్సు మీంచొచ్చే గాలి
చెవులు కోస్తుందే గానీ
అంకెల్ని కదపదు.

వారానికి మూడుసార్లు వ్యాను వస్తుంది,
ఐలీ గారిని డయాలసిస్‌కి తీసుకెళ్లడానికి.
ఇటువైపు దారైతే గడప దిగగానే వ్యాను.
అటువైపైతే గూస్‌బెర్రీ పొదల చుట్టూ
ఇంకో పదకొండు అడుగులు.
ఆయనవి కాదు, ఆమెవి.
ముందే లెక్కపెట్టి ఉంచాడు.

నేను చూపు త్రిభుజం గురించి చెప్పాను.
రెండు వీధుల వెంబడీ గీతలు గీసి
కొసలు కలిపితే మిగిలే ఖాళీ.
అందులో నడుం దాటి ఏదీ నిలబడకూడదు,
కంచె గానీ, చెట్టు గానీ,
తలుపు తెరుచుకుని ఆగిన వ్యాను గానీ.
మలుపు తిరిగేవాడికి వీధి కనబడేది
రెండు మూడు క్షణాలు,
వాటిలోంచి అప్పివ్వడానికి నాకు చేతులు రావు.

ఆయనేమీ అనలేదు. వేలు చూపించాడు.
మూల మీద, సరిగ్గా నా త్రిభుజం నడిబొడ్డున
మునిసిపాలిటీ బండి తోసిపోసిన మంచు
నా తల దాటి నిలబడి ఉంది.
"దీనికి అనుమతి ఎవరిచ్చారు?"

ఫారంలో ఆ గడి లేదు.

'కుదరదు' అని రాయబోతే
పెన్ను గడ్డకట్టుకుపోయింది.
చంకలో పెట్టుకుని, వెచ్చబడ్డాక రాశాను.
ఆయన అంతసేపూ
వెలుతురుకి అడ్డం రాకుండా పక్కకి జరిగి నిలబడ్డాడు.

మంచు గుట్ట సంగతీ రాశాను,
వేరే కాగితం మీద, వేరే శాఖకి.
జవాబు మే నెలలో వచ్చింది:
పరిశీలించాము, అడ్డంకి ఏదీ కనబడలేదు.

మళ్లీ చలికాలం.
పనేమీ లేకుండానే ఆ వీధిన వెళ్లాను.
గూస్‌బెర్రీ పొదలు లేవు.
కొత్త దారి, నిబంధన ప్రకారమే,
కొలవక్కర్లేదు, చూస్తేనే తెలుస్తుంది.
గడప నుంచి దాకా తవ్వి తీసిన సన్నటి బాట,
ఇసుక చల్లి ఉంది.
సగం దూరంలో, ఆరో అడుగు దగ్గర
వంటింటి కుర్చీ ఒకటి.
చుట్టూ అంతా తెల్లగా ఉంది గానీ
కూచునే చెక్క మీద మంచు రేణువు లేదు.

త్రిభుజానికి బయటే ఉంది.
అయినా అలవాటు కొద్దీ
చూశాను.