ఐదో కిటికీ

పరకాల రోడ్డు మీద మా జిన్నింగు మిల్లుల
కిటికీలు ఎనిమిది.
ఐదోది నాది.
పద్దెనిమిదేండ్లుగ ఒక ముద్ర, ఒక సిరా డబ్బా,
ఒక కాలు పొట్టిదైన కుర్చీ.

తెల్లారక ముందే రేగొండ దిక్కు నుంచి
ట్రాలీలు దిగుతయి.
పత్తి ఒక్కతే రాదు.
కొంత మంచు, కొంత దుమ్ము, కొంత వడ్డీ
మూట గట్టుకొని వస్తది.

గేటు కాడ చిట్టీ పుడ్తది.
తేమ మిషను కాడ చెయ్యి చూపిచ్చుకుంటది,
బేరం కాడ తల వంచుతది,
కాంట ఎక్కి దిగుతది,
నా కాడికొచ్చి నల్లబడ్తది,
ఇంకో మూడు బల్లల మీద పండి లేచి
మాపటికి గల్లా కాడ పైసలైతది.
అయితే అయితది.
లేకుంటే రేపు.

మా మిల్లుల అన్నిటికంటే బరువు తూగేది
ఆ ఒక్క మాటే.

సేటు కొడుకు ఒక పిల్లను పిలిపిచ్చిండు.
ఫర్హీన్. మండిబజారు పిల్ల.
వస్తదంటే కంప్యూటర్లు దిగుతయనుకున్నం.
చేతిల గడియారం, సంకల నోటుబుక్కు, అంతే.
నువ్వేం పని చేస్తవని ఎవ్వర్నీ అడగలే.
బానోతు లచ్చిరాం చిట్టీ ఎంబడి నడిచింది.
చిట్టీ ఆగిన కాడ తనూ ఆగింది.
చిట్టీ బల్ల మీద కూసుంటే
పక్కన స్టూలేసుకొని కూసున్నది.
మున్షీ అన్నం తిని, చెయ్యి కడిగి,
పాన్ నమిలి వచ్చేదాంక.

తెల్లారి గోదాము గోడకు కాయితాలు అతికిచ్చింది.
డబ్బాలు, బాణాలు, కింద అంకెలు.
పదకొండు గంటలల్ల
పని జరిగింది యాభై రెండు నిమిషాలు.
మిగిలిందంతా కూసునుడే.
హమాలీ సారయ్య గోడ దిక్కు చూసి
"ఇంతకాలం మేమే కదా మెల్లగ మోస్తున్నమని తిట్లు తిన్నది" అన్నడు.
ఎవ్వరం నవ్వలే.

"సాంబమూర్తి సార్, ఈ ముద్ర ఎందుకు?"
రూలన్న.
"ఎవరిది?"
దడువాయినడిగితే సేటుదన్నడు,
సేటు పన్నుల ఆఫీసుదన్నడు,
మున్షీ నా దిక్కు చూసిండు.

ఆ రాత్రి పాత రిజిస్టర్లు దులిపిన.
ఒక ఆశాఢంల వానకు కాంట పలక కుంగిందట,
నాలుగు క్వింటాళ్లు లెక్క తప్పిందట.
పెద్దసేటు చేతిరాత:
కాంట బాగయ్యేదాంక
రెండోపారి చూసి ముద్రెయ్యాలె.
నెల తిరిగేసరికి కాంట బాగైంది.
ముద్రకు ఎవ్వరూ చెప్పలే.

ఆ పేజీ నా చేతిల ఉన్నది.
లోకంల ఇంకెవ్వరికీ తెల్వదు.
చింపలేదని అబద్ధమాడను.
సగం చింపిన.
తెల్లారి టేపుతో అతికిచ్చి ఇచ్చిన.
ఫర్హీన్ ఆ గీతను చూసింది, అడగలే.

అన్నీ ఒక్కసారే బాగుపడలే.
మూడో కిటికీ రాజమౌళి వారం మాట్లాడలే.
కంప్యూటరు పడుకున్న నాడు
లైను మళ్ల రోడ్డెక్కింది.
కానీ లచ్చిరాం ఒకనాడు
రెండింటికే పైసలు లెక్కవెట్టుకొని,
ఎండ ఉండంగనే ఏం చేయాల్నో తెల్వక
మిల్లు ముంగట కొద్దిసేపు నిలబడ్డడు.

నన్ను గేటు కాడికి మార్చిండ్రు.
"తప్పు యాడ పుడ్తదో మీకే తెలుసు" అన్నది ఆ పిల్ల.
తెలుసు.
ఏడును ఒకటి లెక్క రాసే చేతులు,
ఊరు పేరు సగంల వదిలేసే చేతులు.
ముద్రకు ఎన్నడూ పట్టువడని తప్పులు
ఇప్పుడు పుట్టంగనే పట్టుకుంటున్న.
అయినా అప్పుడప్పుడు
నా చెయ్యి దానంతటదే లేచి
ఉత్త బల్ల మీద పడ్తది.

ఐదో కిటికీల ఇప్పుడు రంజను పెట్టినం.
ముసలి రైతులు కొందరు
అలవాటు తప్పక అక్కడ ఆగి
లోపలికి చిట్టీ సాపుతరు.
"సారూ, ముద్ర?"
గేటు కాడికెళ్లి ఉరికొచ్చి
గిలాసల నీళ్లు ముంచిస్త.
తాగి, మళ్ల చిట్టీయే సాపుతరు.