ఇక్కడంటే ఎక్కడ

ఏటుకూరు రోడ్డు కోల్డ్ స్టోరేజీ వెబ్‌సైటుకి
మాటలు రాసేది నేనే.
"నిల్వ నిమిత్తం దరఖాస్తు సమర్పించదలచినవారు
ఇక్కడ నొక్కండి" అని రాసి
టీ తాగొచ్చాను.

సువార్తమ్మకి కళ్లు కనపడవు.
కళ్లంలో నలభై టిక్కీల తేజ మిర్చి,
పైన మబ్బు.
చెవికానించిన ఫోను గబగబా చదివిందట:
ఇక్కడ. ఇక్కడ. ఇక్కడ.
ఆఫీసుకి ఫోన్ చేసి అడిగింది,
"ఇక్కడంటే ఎక్కడ బాబూ?"

ఘాటు నషాళానికంటింది.

ఆ పూటకి ఆమె పేరు నేనే రాసుకున్నా.
రాత్రి కూర్చుని తొడిమలు తీశాను:
నిమిత్తం రాలింది,
దలచినవారు రాలిపోయారు.
ఆమెతో ఫోనులో అన్న మాటే మిగిలింది:
"మిర్చి దాచడానికి పేరు రాయించుకోండి."

అడుగున ఇంకా ఒకటుంది,
"షరతులు వర్తించును."
దాని జోలికి
ఓనరు పోనివ్వడం లేదు.